కోకో తోటలో ఒక పూట: టికెట్టు డబ్బులకు న్యాయం ఎక్కడ జరుగుతుంది?

కోకో తోట చూడడానికి డబ్బు కడితే, ఆ డబ్బుకు న్యాయం జరిగిందో లేదో చివర్లో చేతిలో పెట్టే చాక్లెట్ ముక్కను బట్టి తేల్చుకోకండి. నిలువునా కోసిన ఎండు గింజను చూసి తేల్చుకోండి. మెక్సికో నుంచి ఎక్వడార్ దాకా, కరేబియన్ దీవుల్లో, పశ్చిమ ఆఫ్రికాలో, ఆగ్నేయాసియాలో, కోకో పండే పల్లెల్లో కుర్రకారు ఇప్పుడు ఇంచుమించు ఒకే పద్ధతిలో పని మొదలుపెడుతున్నారు. పెద్దలిచ్చిన తోట, పక్కన చిన్న వంటిల్లు, మూడు నాలుగు గంటల సందర్శన, ఆ పైన భోజనం, వెళ్లేటప్పుడు కొనుక్కోవడానికి ఒక బల్ల మీద సరుకు. ఈ మొత్తాన్నీ ఒక సేవగా తీసుకుని ఎక్కడ బాగుంటోందో, ఎక్కడ తేడా వస్తోందో, ఎందుకు వస్తోందో ఇక్కడ చెబుతున్నాం.

ముందు లెక్క. న్యూయార్క్ మార్కెట్లో టన్ను కోకో 2024 డిసెంబరులో 12,000 డాలర్లు దాటింది. 2025 చివరికి వచ్చేసరికి సుమారు సగానికి దిగింది. తోట అదే, చాకిరీ అదే, రాబడి మాత్రం రైతు చేతిలో లేదు. ఒక కాయలో 30 నుంచి 40 గింజలుంటాయి. ఎండాక ఒక్కో గింజ సుమారు గ్రాము తూగుతుంది. 70 శాతం కోకోతో 100 గ్రాముల చాక్లెట్ బార్ చేయాలంటే, పొట్టూ తరుగూ పోను, రెండు మూడు కాయలు పడతాయి. ఆ కాయలను గింజలుగా తూచి అమ్మితే వచ్చే చిల్లరకూ, అవే కాయలను కోసి చూపించి, గుజ్జు రుచి చూపించి, భోజనం పెట్టి పంపితే వచ్చే డబ్బుకూ పొంతనే ఉండదు. అందుకే ఈ ఆలోచనకు మా పూర్తి మద్దతు. తేడాలన్నీ అమలులోనే.

తోటలో అడుగు పెట్టగానే నేల చూడండి. కోకో పువ్వు కాండం మీద, ముదురు కొమ్మల మీద పూస్తుంది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాని మీద వాలి పరాగం మోసేది తేనెటీగ కాదు, కంటికి ఆనీ ఆననంత చిన్న మిడ్జ్ ఈగ. ఆ ఈగ గుడ్లు పెట్టేది తడిగా కుళ్లుతున్న ఆకుల్లో, నరికిన అరటి బోదెల్లో, పగలగొట్టి పడేసిన కాయ తొక్కల్లో. వంద పూలు పూస్తే ఐదు కూడా కాయలుగా నిలవని చెట్టు ఇది. సందర్శకులు వస్తున్నారు కదా అని చెట్ల కింద నున్నగా ఊడ్చేసి, బాటల పక్కన పూలకుండీలు పెట్టిన తోటలో ఆ ఈగకు చోటుండదు. ఫొటోకు ముచ్చటగానే ఉంటుంది, కాపు మాత్రం తగ్గుతుంది. నడిచే బాట ఒక్కటి శుభ్రంగా ఉంచి, చెట్ల కింద చీలమండ లోతున ఆకు వదిలేసిన తోట కనిపిస్తే, అక్కడివాళ్లకు పని తెలుసని నమ్మవచ్చు.

గైడ్‌కు ఎంత తెలుసో తేల్చుకోవడానికి ఒక సులువైన ప్రశ్న ఉంది. నల్లగా మాడిపోయి, రాలకుండా చెట్టుకే వేలాడుతున్న బుల్లి పిందెలు దాదాపు ప్రతి తోటలోనూ కనిపిస్తాయి. అవేమిటని అడగండి. ‘ఏదో తెగులు’ అని దాటేస్తే ఆ పిల్లవాడికి నేర్పినవాళ్లు లేరన్నమాట. చాలావరకు అది చెట్టు తనంత తాను చేసుకునే ఏరివేత. మోయగలిగినన్ని కాయలకు మించి పిందె పడితే కొన్నింటికి పోషణ ఆపేస్తుంది. అసలైన నల్లకాయ తెగులు వేరు. అది కాయ మీద గోధుమరంగు మచ్చగా మొదలై, కొద్ది రోజుల్లోనే కాయంతా పాకి నల్లబరుస్తుంది. ఫైటోఫ్తొరా అనే సూక్ష్మజీవి పని అది. వానలు ముసిరినప్పుడు, కొమ్మలు కత్తిరించక గాలి ఆడని తోటల్లో విజృంభిస్తుంది. ఈ రెంటికీ తేడా చెప్పగలిగే గైడ్ దొరికితే మిగతా పూటంతా ధైర్యంగా అతని వెంట నడవండి.

కాయ మీ చేతనే కోయిస్తామని చెప్పే చోట చేతికి ఏమిస్తున్నారో గమనించండి. పదునైన కత్తితోనో, కొమ్మలు కత్తిరించే కత్తెరతోనో కాడ మధ్యలో కోయాలి. మెలిపెట్టి లాగితే కాడతో పాటు బెరడు ఊడి వస్తుంది. కాడ పుట్టిన చోట ఉండే ఆ చిన్న బుడిపె మీదే మళ్లీ మళ్లీ పూత వచ్చేది. అది చిరిగితే ఆ చోట ఇక కాపు లేనట్టే. రోజుకు పదిమంది చొప్పున సరదాకు లాగుతూ పోతే బాట పక్క చెట్లు రెండేళ్లకు బోసిపోతాయి. కాయ పగలగొట్టడం కూడా అంతే. కత్తితో నరికితే లోపలి గింజలు తెగుతాయి, తెగిన గింజకు బూజు పడుతుంది. కర్ర దుడ్డుతో ఒక్క దెబ్బ వేసి చేత్తో విప్పాలి.

ఇక చెప్పుల సంగతి. ఎక్కువ తోటలు పట్టించుకోని విషయం ఇదే. లాటిన్ అమెరికాలో ఫ్రాస్టీ పాడ్ అనే తెగులుంది. కాయ మీద తెల్లటి పిండిలా పేరుకునే దాని బీజాలు బట్టలకూ బూట్లకూ అంటుకుని తోట నుంచి తోటకు ప్రయాణిస్తాయి. 1989లో బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో విచెస్ బ్రూమ్ అనే మరో కోకో తెగులు బయటపడ్డాక, కొన్నేళ్లలోనే అక్కడి కోకో కుప్పకూలింది. రోజూ కొత్తవాళ్లను తోటలోకి రానిచ్చే వ్యాపారానికి ఇంతకు మించిన ముప్పు లేదు. గేటు దగ్గర బూట్లు కడిగే తొట్టెగానీ, తోటవాళ్లే ఇచ్చే రబ్బరు బూట్లుగానీ ఉండాలి. ఉన్నచోట విసుక్కోకండి. లేనిచోట ‘నిన్న వేరే తోట చూసి వచ్చాను’ అని మీరే చెప్పండి.

ఇప్పుడు పూట మొత్తానికీ గుండెకాయ లాంటి చోటుకు వద్దాం. పులియబెట్టే పెట్టె. మూడో రోజు పెట్టె మీద కప్పిన అరటాకులు తీయగానే ఆవిరి ముఖానికి కొడుతుంది. మొదటి రోజు తెల్లటి జిగురు గుజ్జుతో, పళ్ల వాసనతో ఉన్న గింజలు ఇప్పుడు ఇటుకరంగుకు తిరుగుతుంటాయి. కల్లు వాసన వెనకబడి వెనిగర్ ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. గింజల్లోకి చెయ్యి దూర్చితే ఎక్కువసేపు ఉంచలేరు. లోపల 45 నుంచి 50 డిగ్రీల వేడి ఉంటుంది. పొయ్యి లేదు, కరెంటు లేదు. మొదట ఈస్టు గుజ్జులోని చక్కెరను సారాయి చేస్తుంది. గుజ్జు కారిపోయి గాలి ఆడాక ఒక రకం బ్యాక్టీరియా ఆ సారాయిని వెనిగర్‌గా మారుస్తుంది. ఎక్కువ వేడి పుట్టేది ఈ దశలోనే. ఆ వేడీ ఆ పులుపూ కలిసి గింజలోని మొలకను చంపుతాయి, ఊదారంగును గోధుమరంగుకు తిప్పుతాయి. వేయించినప్పుడు చాక్లెట్ వాసన రావడానికి పునాది పడేది ఇక్కడే. పులియని గింజను ఎంత ఖరీదైన యంత్రంలో వేసినా ఆ వాసన రాదు.

ఎక్కువమంది కుర్రాళ్లు తప్పు చేసేది కూడా ఇక్కడే. పెద్ద పెట్టె నిండే కాపు ఉండదు కాబట్టి, సందర్శకులకు చూపించడానికి ఐదో పదో కిలోల బుల్లి పెట్టె పెడతారు. అంత తక్కువ గుట్టకు వేడి నిలవదు. రాత్రి చల్లబడుతుంది, అంచుల్లో బూజు పడుతుంది, గింజ లోపల ఊదారంగు అలాగే మిగులుతుంది. కనీసం 50 కిలోల పచ్చి గింజలు ఒకచోట పడాలి, 100 ఉంటే ఇంకా నయం. కాపు చాలనప్పుడు ఇరుగుపొరుగు తోటల నుంచి అదే రోజు కోసిన కాయలు కొని పెట్టె నింపడం సరైన దారి. ఊళ్లో నలుగురికీ నాలుగు డబ్బులు వస్తాయి, సరుకూ బాగుంటుంది. ‘అన్నీ మా తోటవే’ అని గొప్పలకు పోయి చెడిపోయిన గింజ అమ్మేవాళ్ల కంటే, ‘సగం మా బాబాయిగారి తోటవి’ అని చెప్పేవాళ్లకే మా ఓటు.

పెట్టెకు అడుగున రంధ్రాలుండాలి, కారే రసం నిలవకూడదు. గింజలతో పాటు కాయ మధ్యలోని నారను పెట్టెలో పడెయ్యకూడదు. ఇనుము తగలకూడదు. 48 గంటలకు మొదటిసారి ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి తిప్పి, ఆ తర్వాత రోజుకో రెండు రోజులకో ఒకసారి తిప్పుతారు. ఎక్కువ రకాలకు మొత్తం ఐదు నుంచి ఏడు రోజులు, క్రియోలో రకానికి రెండు మూడు రోజులు చాలు. తిప్పకపోతే మధ్య గింజలు పులిసి, మూల గింజలు పచ్చిగా మిగులుతాయి. రోజులు మించితే మురిగిన వాసన పడుతుంది. అది ఇక ఏం చేసినా పోదు. పెట్టె పలక మీద సుద్దముక్కతో నింపిన తేదీ, కిలోలు, తిప్పిన రోజులు రాసి ఉంటే ఆ తోటకు మా లెక్కలో సగం మార్కులు అక్కడే పడ్డాయి.

ఆరబెట్టడం గురించి తక్కువే చెప్పాలి. ఎండలో ఐదు నుంచి ఎనిమిది రోజులు పడుతుంది. తేమ ఏడు శాతానికి రావాలి. ఎనిమిది దాటితే నిల్వలో బూజు, మరీ తగ్గితే గింజ పొడిపొడిగా విరుగుతుంది. గుప్పెట పట్టి నలిపితే పెళపెళమనాలి. మొదటి రోజే పలచగా పరిచి మండుటెండలో పెడితే పొట్టు ముందే గట్టిపడి వెనిగర్ లోపలే చిక్కుకుంటుంది. అలాంటి గింజతో చేసిన చాక్లెట్ నాలుక అంచులను కోస్తుంది. వానాకాలంలో కట్టెల పొగ తగిలిన గింజ మరీ పనికిరానిది, పొగ వాసన బార్ దాకా వెంటాడుతుంది. గ్రెనడా, ట్రినిడాడ్ దీవుల్లో గింజల మీద కాళ్లతో నడుస్తూ మెరుగుపెట్టడం పాత ఆచారం. చూడముచ్చటైనదే. అయితే సందర్శకుల చేత తొక్కించిన గింజలను విడిగా ఉంచి, కడిగిన కాళ్లతోనే ఎక్కించాలి. ఆరబోసిన చోట నుంచి తీసిన గింజను వేయించకుండా నోట్లో వేసుకోమంటే వద్దనండి. పచ్చి గింజ మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, వేయించాకే అది చస్తుంది.

ఇక కోసిన గింజ. ఎండిన గుట్టలోంచి చేతికందినవి తీసి నిలువునా రెండు చెక్కలు చేసి పలక మీద పేరుస్తారు. వ్యాపారంలో 300 గింజలు కోస్తారు, సందర్శనలో 50 కోసినా చాలు. బాగా పులిసిన గింజ లోపల గోధుమరంగులో, మెదడు మడతల్లా పగుళ్లతో, విడివిడిగా ఉంటుంది. సగం పులిసినది ఊదాగా ఉంటుంది. అసలు పులియనిది పలక రంగులో, అంటే బూడిదరంగులో, సబ్బుముక్కలా గట్టిగా, నున్నగా కనిపిస్తుంది. బూజు పట్టినవి, పురుగు తొలిచినవి చూడగానే తెలుస్తాయి. 50లో ఎన్ని ఊదా, ఎన్ని పలక రంగు అని మీ ముందే లెక్కపెట్టి, ‘ఈ విడత సరిగ్గా తిప్పలేదు, అందుకే ఊదా ఎక్కువొచ్చింది’ అని నోరు విప్పి చెప్పే తోట ఉంటుంది చూడండి, వాళ్ల దగ్గర కళ్లు మూసుకుని కొనవచ్చు. చెడిన గింజను దాచని చోట మంచి గింజకు విలువ కట్టడం తెలుస్తుంది. ఈ పలక లేని సందర్శన, మిగతావి ఎంత బాగున్నా, తోటలో షికారు మాత్రమే.

తర్వాత ‘మీ చాక్లెట్ మీరే చేసుకోండి’ అనే భాగం. ఇందులో మోసం జరగడానికి ఎంతో వీలుంది. గింజను 120 నుంచి 140 డిగ్రీల మధ్య ఇరవై నిమిషాలో అరగంటో వేయిస్తారు. చేతుల్లో నలిపి, చేటతో చెరిగితే పొట్టు ఎగిరి పలుకులు మిగులుతాయి. ఇంతవరకూ అందరూ చేయగలరు, పిల్లలైతే చేటను వదలరు. చిక్కంతా రుబ్బడం దగ్గర. పలుకు 20 మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నలిగితేనే నాలుకకు నున్నగా తగులుతుంది. దానికి చిన్న తయారీదార్లు ప్రపంచమంతటా వాడేది రాతి గ్రైండరే. పప్పు, బియ్యం రుబ్బడానికి దక్షిణ భారతంలో పుట్టిన బల్ల మీది వెట్ గ్రైండర్‌కు మోటారు బలం, వేడి తట్టుకునే శక్తి పెంచి చాక్లెట్‌కు మలిచారు. అందులో కూడా 24 నుంచి 48 గంటలు తిరగాలి. అంటే మూడు నాలుగు గంటల సందర్శనలో మీరు వేయించిన గింజ నున్నటి బార్‌గా మీ చేతికి రావడం జరగని పని. వచ్చిందంటే, ఎక్కడో కొన్న చాక్లెట్ కరిగించి అచ్చుల్లో పోశారన్నమాట.

నిజాయితీగా చేసే పద్ధతి రెండు రకాలు. వేయించిన పలుకును రాతి మీద చేత్తో నూరి, బరకగా ఉన్నా ఆ ముద్దనే వేడినీళ్లలో చిలికి తాగించడం ఒకటి. నిన్న మొన్నటి విడతను గ్రైండర్‌లో తిరుగుతుండగా చూపించి, ‘ఇది మంగళవారం వేసినది’ అని చెప్పి దాన్నే అచ్చు పోయించడం రెండోది. అచ్చు పోసేముందు చాక్లెట్‌ను 45 డిగ్రీలు దాటించి కరిగించి, 27 లేదా 28కి దించి, మళ్లీ 31, 32కి తేవాలి. ఈ టెంపరింగ్ తప్పితే బార్ మెరవదు, విరిచినప్పుడు ‘టక్’మనదు, నాలుగు రోజుల్లో తెల్లటి చారలు తేలుతుంది. గదిలో ఏసీ లేని తోటల్లో మధ్యాహ్నం పూట ఈ పని కుదరదు. ఉదయం ఏడుకే పెట్టుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. గిన్నెలో ఒక్క నీటిచుక్క పడినా చాక్లెట్ ముద్దకట్టి ఇసుకలా అవుతుంది. తడి చేతులతో దగ్గరకు రానివ్వకపోతే నొచ్చుకోకండి.

భోజనం దగ్గర మా అభిప్రాయం గట్టిది. అన్నింట్లోనూ చాక్లెట్ కలిపిన భోజనం బాగుండదు. కోకో పండే చోట ఆ నేల మీద దానితో పాటు పండేవి కలిపి తాగే అలవాట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మెక్సికోలోని టబాస్కోలో ఉడికించిన మొక్కజొన్న ముద్దలో కోకో కలిపి చేసే పోసోల్, నికరాగ్వాలో వేయించిన మొక్కజొన్న పిండితో చేసే పినోలియో, ఫిలిప్పీన్స్‌లో తబ్లేయా బిళ్లలు కరిగించి బియ్యంతో వండే చంపోరాడో, గ్రెనడాలో జాజికాయ, దాల్చినచెక్క వేసి మరిగించే కోకో టీ. ఇలాంటిది ఒకటి, ఇంట్లో రోజూ తినే కూర ఒకటి, పక్కన వేయించిన పలుకులు నాలుగు ఉంటే చాలు. రుచి చూసే కార్యక్రమం భోజనానికి ముందే పెట్టాలి. కారం తిన్న నాలుకకు గింజకూ గింజకూ తేడా తెలియదు.

గుజ్జు రసం మాత్రం తప్పక తాగాలి. తెల్లగా, తియ్యగా, కాస్త పుల్లగా ఉండే ఆ రసాన్ని చూస్తే అది చాక్లెట్ చెట్టుదని నమ్మలేం. గదివేడిలో కొన్ని గంటలకే నురగ కట్టి పులుస్తుంది కాబట్టి, కాయ కొట్టిన వెంటనే శుభ్రమైన గిన్నెలో పట్టి చల్లబరచాలి. పులిసే పెట్టె అడుగు నుంచి మర్నాడు కారేది తాగడానికి పనికిరాదు. అడగకపోతే కొన్నిచోట్ల దాన్నే పోస్తారు. పొట్టుతో చేసే టీ వాసన ఇంపుగా ఉంటుంది గానీ, మట్టీ లోహాలూ ఎక్కువ చేరేది పొట్టులోనే. కాడ్మియం అనే హానికరమైన లోహం ఎక్కువున్న నేలలు లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల ఉన్నాయి. 2019 నుంచి యూరోపియన్ యూనియన్‌లో 50 శాతం, అంతకు మించి కోకో ఉన్న చాక్లెట్‌లో కాడ్మియం కిలోకు 0.80 మిల్లీగ్రాములు దాటకూడదన్న నియమం ఉంది. పరీక్ష చేయించిన కాగితం గోడకు తగిలించిన చోట ఆ టీ నిశ్చింతగా తాగండి.

దుకాణం బల్ల మీద బార్లే పరిచి ఉంటే జాగ్రత్త. చాక్లెట్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎండ కొట్టే బల్ల మీద కరిగి గట్టిపడిన బార్ తెల్లబడి, పెళుసుగా ఉంటుంది. తింటే హాని లేదు, ఆ ధరకు మాత్రం కొనకూడదు. వేడి ఊళ్లలో అమ్మాల్సింది వేయించిన పలుకులు, తాగే చాక్లెట్ బిళ్లలు, గుజ్జు జామ్. ఇవి ప్రయాణం తట్టుకుంటాయి. కవరు మీద తోట పేరు, కోత నెల, పులియబెట్టిన రోజులు రాసి ఉండాలి. బార్లను ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో నేరుగా పెట్టకండి, తేమ పట్టి పంచదార పైకి తేలుతుంది. గాలి చొరని డబ్బాలో, చల్లటి అలమరలో ఉంచండి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనీయకండి. కోకోలోని థియోబ్రోమిన్ కుక్కకు విషం.

ముందుగా ఫోన్ చేసి రెండు విషయాలు అడిగితే చాలు. ఆ వారంలో కోత ఉందా, పెట్టెలో గింజలున్నాయా అన్నది మొదటిది. కోత ఏడాదిలో కొన్ని నెలలే ముమ్మరంగా సాగుతుంది, మిగతా రోజుల్లో ఖాళీ పెట్టెలు చూపించి అదే రుసుము తీసుకునేవాళ్లున్నారు. ఒక జట్టులో ఎంతమంది అన్నది రెండోది. పదిమంది దాటితే గింజ కోసే పలక దగ్గర వెనకవాళ్లకు ఏమీ కనిపించదు. పొడుగు చేతుల చొక్కా, దోమల మందు, గట్టి బూట్లు తీసుకెళ్లండి, నీడతోటలో దోమలెక్కువ.

పచ్చి కాయగానీ, మొలకెత్తే గింజగానీ సంచిలో వేసుకుని దేశం దాటకండి. క్వారంటైన్ వాళ్లు పట్టుకోవడం అటుంచి, కంటికి కనిపించని తెగులు మరో దేశపు తోటల్లోకి వెళ్లే దారి అదే. వేయించి, పొట్టు తీసి, సీలు వేసిన పలుకులు తీసుకెళ్లండి. తోటవాళ్లు ప్రేమగా ఒక కాయ చేతిలో పెడితే అక్కడే కొట్టించి గుజ్జు తినేసి, తొక్క చెట్టు కిందే వదిలిరండి.